ఏదీ ఇన్‌స్టాల్ చెయ్యకుండా బ్రౌజర్‌లోనే పైథాన్, వెబ్ నేర్చుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్, అందులో ఏది ఇన్‌స్టాల్ చెయ్యబోయినా అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతోంది, అది మీ దగ్గర లేదు. పైథాన్, కొంచెం వెబ్, వీలైతే ఎలక్ట్రానిక్స్ కూడా నేర్చుకోవాలని ఉంది. ఇదంతా బ్రౌజర్‌లోనే కుదురుతుందా, కుదిరితే ఏ టూల్స్ వాడాలి, వాటిల్లో మన ఫైళ్లు పెడితే సేఫేనా అని అడిగారు.

కుదురుతుంది. మొదటి కొన్ని నెలలకి బ్రౌజర్ ధారాళంగా సరిపోతుంది, పాత ల్యాప్‌టాప్ అయినా సరే. కాకపోతే ఏ టూల్ ఓపెన్ చేసినా ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి: నా కోడ్ ఎక్కడ రన్ అవుతోంది? నా ఫైల్ ఎక్కడ ఉంటోంది? కొత్తవాళ్లకి నేర్పిస్తూ ఇన్నాళ్లలో నేను చూసిన ఇబ్బందుల్లో చాలావరకు ఈ రెండు తెలియకపోవడం వల్ల వచ్చినవే, టూల్ బాగోలేక వచ్చినవి తక్కువ.

జావాస్క్రిప్ట్ 1995 నుంచీ బ్రౌజర్‌లోనే ఉంది కాబట్టి దానికి ఎప్పుడూ ఇన్‌స్టాలేషన్ అక్కర్లేదు. మిగతా భాషలకి దారి తెరిచింది వెబ్‌అసెంబ్లీ, 2017 కల్లా పెద్ద బ్రౌజర్లన్నిట్లో వచ్చేసింది. సీ లాంటి భాషల్లో రాసిన ప్రోగ్రామ్‌ని బ్రౌజర్ నడపగలిగే రూపంలోకి కంపైల్ చేసుకునే వీలు దాంతో వచ్చింది. అసలు పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌నే (పైథాన్ కోడ్‌ని నడిపే ప్రోగ్రామ్‌నే) అలా కంపైల్ చేసి 2018లో మొజిల్లాలో మొదలుపెట్టిన ప్రాజెక్టు పయోడైడ్, ఇప్పుడది స్వతంత్రంగా నడుస్తోంది. కాబట్టి బ్రౌజర్ పైథాన్ అంటే పిల్లల కోసం చేసిన డూప్లికేట్ ఏదో అని అనుకోకండి, లెక్కలకి, డేటాకి, గ్రాఫులకి వాడే నంపై, పాండాస్, మ్యాట్‌ప్లాట్‌లిబ్ కూడా అందులో నడుస్తాయి.

మొదటి టూల్ మీ దగ్గర ఆల్రెడీ ఉంది. ఏ పేజీలో ఉన్నా ఎఫ్12 నొక్కి, కన్సోల్ అనే ట్యాబ్‌లోకి వెళ్లండి. అక్కడ 0.1 + 0.2 అని కొట్టి ఎంటర్ నొక్కండి, 0.30000000000000004 అని వస్తుంది. తర్వాత 2**53 + 1 (రెండు పవర్ 53, ప్లస్ ఒకటి) కొట్టండి, 9007199254740992 వస్తుంది, అంటే మీరు కలిపిన ఆ ఒకటి కనిపించదు. ఇప్పుడు అవే రెండు లైన్లు బ్రౌజర్ పైథాన్‌లో (కింద చెప్పే జూపిటర్‌లైట్‌లో) కొట్టి చూడండి. మొదటిదానికి అదే జవాబు వస్తుంది, రెండోదానికి మాత్రం 9007199254740993 అని సరిగ్గా వస్తుంది. ఎందుకంటే దశాంశాలని రెండూ 64 బిట్లలో ఒకే పద్ధతిలో దాచుకుంటాయి, కానీ పూర్ణాంకాల విషయంలో పైథాన్ ఎంత పెద్ద సంఖ్యకైనా చోటు పెంచుకుంటూ పోతుంది, జావాస్క్రిప్ట్ మామూలు నంబర్ అలా చెయ్యదు. నేను నేర్పేటప్పుడు మొదటి గంటలోనే ఈ రెండు లైన్లు కొట్టిస్తాను, టైప్స్ అంటే ఏంటి అని థియరీ చెప్పే దానికంటే ఇది చూశాక వాళ్లే ఎందుకు అని అడుగుతారు, అక్కణ్ణుంచి చెప్పడం చాలా తేలిక.

కన్సోల్‌తో ఒక జాగ్రత్త, ఎవరో పంపిన కోడ్‌ని అర్థం కాకుండా అందులో పేస్ట్ చెయ్యకండి. మీరు లాగిన్ అయి ఉన్న పేజీలో అయితే ఆ కోడ్ మీ పేరు మీదే పనులు చెయ్యగలదు. క్రోమ్ ఇప్పుడు మొదటిసారి పేస్ట్ చేసేటప్పుడు హెచ్చరిక చూపిస్తుంది కూడా, దాన్ని విసుగ్గా దాటెయ్యకుండా ఒకసారి చదవండి. ప్రాక్టీస్‌కి ఖాళీ ట్యాబ్ వాడుకోండి, గొడవ ఉండదు.

పైథాన్‌కి వస్తే, రోజూ కూర్చుని రాయడానికి జూపిటర్‌లైట్ పెట్టుకోండి, అందులో కోడ్, దాని జవాబులు ఒకే చోట ఉండే నోట్‌బుక్ అనే ఫైల్‌లో రాస్తారు. అది పూర్తిగా మీ ట్యాబ్‌లోనే నడుస్తుంది, అకౌంట్ అక్కర్లేదు. మొదటిసారి పైథాన్ మొత్తం డౌన్‌లోడ్ అవ్వాలి కాబట్టి లోడ్ అవ్వడానికి టైం పడుతుంది, హ్యాంగ్ అయిందనుకుని రిఫ్రెష్ కొడుతూ కూర్చోకండి. కోడ్ లైన్ లైన్‌కి లోపల ఏం జరుగుతోందో చూడాలంటే పైథాన్ ట్యూటర్. నా దృష్టిలో కొత్తవాళ్లకి దాన్ని మించిన టూల్ లేదు. 1, 2, 3 ఉన్న లిస్ట్‌కి ఒక పేరు పెట్టి, రెండో పేరుకి మొదటి పేరు అసైన్ చేసి, రెండో పేరు మీద అపెండ్ చేసి 4 కలపండి. మొదటి పేరు ప్రింట్ చేస్తే అందులోనూ 4 ఉంటుంది. పుస్తకంలో చదివితే ఇది ఎన్నిసార్లయినా మర్చిపోతారు, ఇక్కడ మాత్రం రెండు పేర్ల నుంచీ రెండు బాణాలు ఒకే డబ్బా మీదకి వెళ్లడం బొమ్మలో కనిపిస్తుంది. అయితే పైథాన్ ట్యూటర్ మీ కోడ్‌ని వాళ్ల సర్వర్‌కి పంపించి రన్ చేస్తుంది, కాబట్టి చిన్న చిన్న ఉదాహరణలకే వాడండి, అందులో పాస్‌వర్డ్‌లూ కీలూ పెట్టకండి.

గూగుల్ వాళ్ల ఆన్‌లైన్ నోట్‌బుక్ టూల్ కొలాబ్ గురించి ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. మంచిదే, భారీ లెక్కలకి పనికొచ్చే జీపీయూ కూడా దొరుకుతుంది, కానీ అది నడిచేది గూగుల్ మెషీన్ మీద. నోట్‌బుక్ మీ డ్రైవ్‌లో సేవ్ అవుతుంది గానీ, సెషన్‌లోకి మీరు అప్‌లోడ్ చేసిన ఫైళ్లు, ఇన్‌స్టాల్ చేసుకున్న ప్యాకేజీలు ఆ సెషన్ పోతే పోతాయి. నిన్న నడిచిన కోడ్ ఈరోజు ఫైల్ లేదంటోంది అని వచ్చే ప్రశ్నల్లో సగం ఇదే. మీ ల్యాప్‌టాప్ చిన్నది కాబట్టి పెద్ద డేటా, మెషీన్ లెర్నింగ్ దాకా వెళ్లినప్పుడు కొలాబ్ అవసరమవుతుంది, ఇప్పటికి వద్దు.

ఇక కోడ్ ఎక్కడ నడుస్తోందో మీరే ఎలా తెలుసుకోవాలి? సైట్ వాళ్లు రాసుకున్న మాటలు పక్కన పెట్టండి, చూసుకునే దారి ఉంది. టూల్ పేజీ పూర్తిగా లోడ్ అయ్యాక ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్‌కి వెళ్లండి. క్రోమ్‌లో అక్కడ పైన నో త్రాట్లింగ్ అని ఒక డ్రాప్‌డౌన్ ఉంటుంది, దాన్ని ఆఫ్‌లైన్‌కి మార్చండి, లేదా వైఫై ఆపేయండి. ఇప్పుడు ఒక ఉత్తుత్తి ఫైల్ ఇచ్చి పని చేయించండి. పని అయితే ప్రాసెసింగ్ మీ మెషీన్‌లోనే జరుగుతోంది, ఎర్రర్ వస్తే చాలావరకు సర్వర్ మీద ఆధారపడి ఉంది. తర్వాత మళ్లీ ఆన్‌లైన్‌కి వచ్చి, లిస్ట్ క్లియర్ చేసి, అదే పని ఇంకోసారి చేయించండి. మీరు బటన్ నొక్కిన క్షణంలో పోస్ట్ రిక్వెస్ట్ (బ్రౌజర్ సర్వర్‌కి డేటా పంపే రిక్వెస్ట్) ఏదైనా వెళ్లిందా, దాని పేలోడ్‌లో, అంటే అందులో వెళ్లిన డేటాలో, మీ ఫైల్‌లోని డేటా కనిపిస్తోందా చూడండి.

ఈ రెండో స్టెప్ వదిలెయ్యకండి. ఆఫ్‌లైన్‌లో పని చేసిందంటే సర్వర్ అవసరం లేదు అని మాత్రమే తేలుతుంది, ఏమీ పంపడం లేదు అని తేలదు. కొన్ని టూల్స్ పని లోకల్‌గా చేసి, నెట్ వచ్చాక హిస్టరీ సేవ్ చేస్తాం అని మీ డేటా పంపించగలవు. నిజంగా ప్రైవేట్ విషయం అయితే నా సలహా ఒక్కటే, ఆన్‌లైన్ టూల్‌లో పెట్టకండి.

ముఖ్యంగా జేసన్ (డేటాని టెక్స్ట్‌గా రాసే ఒక పద్ధతి) అందంగా చూపించే సైట్లు, టెక్స్ట్ పోల్చే సైట్లు, పీడీఎఫ్ కలిపే సైట్లు. నా దగ్గర నేర్చుకున్న ఒకతను ఉద్యోగంలో చేరిన కొత్తలో కస్టమర్ల వివరాలున్న జేసన్‌ని అలాంటి ఒక సైట్‌లో పేస్ట్ చేసి, సహోద్యోగికి చూపిద్దామని సేవ్ బటన్ నొక్కి లింక్ తీసుకున్నాడు. ఆ లింక్ ఎవరి దగ్గరుంటే వాళ్లు చూడొచ్చు, అకౌంట్ లేదు కాబట్టి డిలీట్ చేసే దారి కూడా దొరకలేదు. పైథాన్‌లో జేసన్ మాడ్యూల్‌తో ఇండెంట్ 2 పెట్టి ప్రింట్ చేస్తే అదే పని అవుతుంది, రెండు లైన్ల కోడ్.

ఇలాంటి మార్పిడి పనులకి నేను వాడేది సైబర్‌షెఫ్. బ్రిటన్ ఇంటెలిజెన్స్ సంస్థ జీసీహెచ్‌క్యూ 2016లో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. బేస్64, హెక్స్, యూఆర్ఎల్ ఎన్‌కోడింగ్, హ్యాష్‌లు అన్నీ ఒక్క చోట ఉంటాయి, అంతా బ్రౌజర్‌లోనే జరుగుతుంది, మొత్తం టూల్‌ని డౌన్‌లోడ్ చేసుకుని నెట్ లేకుండా కూడా వాడొచ్చు. "తెలుగు" అని ఇచ్చి హెక్స్‌లోకి మార్చి చూడండి, 18 బైట్లు వస్తాయి. అదే పదం పైథాన్‌లో లెన్ (పొడవు) అడిగితే 6 అంటుంది. చూడ్డానికి మూడు అక్షరాలు. మూడూ నిజమే: కంటికి మూడు, యూనికోడ్‌లో గుణింతం గుర్తులు విడిగా లెక్క కాబట్టి ఆరు, యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్లు కాబట్టి 18. టెక్స్ట్‌తో పని చేసే ఎవరికైనా ఈ తేడా ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది, ముందే చూసి పెట్టుకుంటే మంచిది.

దీనికి తోడు ఇంకోటి, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు (టెక్స్ట్‌లో ఒక నమూనాకి సరిపోయే ముక్కల్ని వెతికే రాత) ప్రాక్టీస్ చెయ్యడానికి రెజెక్స్101 బాగుంటుంది. ఎడమ వైపు ఫ్లేవర్ అని ఉంటుంది, దాన్ని పైథాన్‌కి మార్చాకే మొదలుపెట్టండి, ఎందుకంటే అక్కడ మ్యాచ్ అయింది మీ కోడ్‌లో అవ్వకపోవడానికి మామూలు కారణం అదే. ఇంకా, పదాలు పట్టుకోవడానికి అందరూ వాడే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ తెలుగుకి పని చెయ్యదు. పైథాన్‌లో మామూలు రీ మాడ్యూల్‌తో "తెలుగు" మీద వాడితే గుణింతాలు వదిలేసి త, ల, గ అని మూడు ముక్కలు ఇస్తుంది. జావాస్క్రిప్ట్‌లో అయితే అసలేమీ దొరకదు. యూనికోడ్‌లో తెలుగు బ్లాక్ మొత్తాన్ని రేంజ్‌గా ఇస్తే పూర్తి పదం వస్తుంది.

ఇప్పుడు ఫైల్ ఎక్కడ ఉంటోంది అనే రెండో ప్రశ్న. జూపిటర్‌లైట్ లాంటివాటిలో సేవ్ నొక్కితే అది బ్రౌజర్ లోపలి స్టోరేజ్‌లోకి వెళ్తుంది, మీ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోకి కాదు. ఆ స్టోరేజ్ ఆ బ్రౌజర్‌కి, ఆ ప్రొఫైల్‌కి, ఆ సైట్ అడ్రస్‌కి కట్టేసి ఉంటుంది. క్రోమ్‌లో రాసింది ఫైర్‌ఫాక్స్‌లో కనిపించదు. కుకీలు, సైట్ డేటా క్లియర్ చేస్తే పోతుంది. ఇన్‌కాగ్నిటోలో రాస్తే విండో మూసేయగానే పోతుంది. సఫారీ అయితే ఏడు రోజుల వాడకంలో మీరు ఆ సైట్‌ని ముట్టుకోకపోతే తనంతట తానే చెరిపేస్తుంది. అడ్మిన్ వేరేవాళ్లున్న ల్యాప్‌టాప్ అంటున్నారు కదా, అలాంటివాటిలో బ్రౌజర్ మూసినప్పుడల్లా డేటా క్లియర్ అయ్యేలా ముందే సెట్ చేసి ఉండే అవకాశం ఎక్కువ. ఒకమ్మాయి సెలవుల్లో కూర్చుని ఎంతో ఓపిగ్గా రాసుకున్న నోట్‌బుక్కులు అలాగే పోయాయి, పాపం ఆమె ప్రతిసారీ సేవ్ నొక్కుతూనే ఉంది. అది చూసినప్పట్నుంచీ నా దగ్గర ఎవరు మొదలుపెట్టినా కోడ్ కంటే ముందు డౌన్‌లోడ్ బటన్ ఎక్కడుందో చూపిస్తాను.

కాబట్టి ఈరోజే ఒక పరీక్ష చెయ్యండి. ఒక్క లైన్ ఉన్న నోట్‌బుక్ సేవ్ చేసి, బ్రౌజర్ పూర్తిగా మూసి, మళ్లీ తెరిచి చూడండి. ఉంటే సంతోషం. ఉన్నా లేకపోయినా లేచే ముందు ఫైల్‌ని డిస్క్‌కి డౌన్‌లోడ్ చేసుకునే అలవాటు చేసుకోండి. కొంచెం అలవాటయ్యాక కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్‌లో అకౌంట్ తీసుకోండి. అక్కడ మీ రెపో (ప్రాజెక్టు ఫోల్డర్) పేజీలో ఉండగా కీబోర్డ్ మీద చుక్క కీ నొక్కితే పూర్తి ఎడిటర్ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, అక్కణ్ణుంచే కమిట్ చెయ్యొచ్చు, అంటే మార్పుల్ని ఒక వెర్షన్‌గా సేవ్ చెయ్యొచ్చు. అందులో పైథాన్ రన్ అవ్వదు గానీ పాత వెర్షన్లతో సహా కోడ్ భద్రంగా ఉంటుంది. పబ్లిక్ రెపోలో కీలు, పాస్‌వర్డ్‌లు పెట్టకూడదని వేరే చెప్పక్కర్లేదు.

షేర్ లింకుల గురించి కూడా ఒక మాట. కొన్ని టూల్స్ మీరు రాసిందంతా లింక్‌లోనే ఇరికిస్తాయి. అడ్రస్‌లో హ్యాష్ గుర్తు తర్వాత ఉన్న భాగాన్ని బ్రౌజర్ సర్వర్‌కి పంపదు, ప్రశ్న గుర్తు తర్వాత ఉన్నది మాత్రం పంపుతుంది. రెండు సందర్భాల్లోనూ లింక్ ఎవరికిస్తే వాళ్లకి మీ డేటా ఇచ్చినట్టే, మీ హిస్టరీలో కూడా ఉండిపోతుంది.

వెబ్ నేర్చుకోడానికి సైట్ కూడా అక్కర్లేదు. నోట్‌ప్యాడ్‌లో హెచ్‌టీఎంఎల్ రాసి, ఆ ఎక్స్‌టెన్షన్‌తో సేవ్ చేసి, డబుల్ క్లిక్ చేస్తే పేజీ వచ్చేస్తుంది. చదువుకోవడానికి వెబ్ పాఠాలు, వివరాలు ఉండే ఎండీఎన్ సైట్, అక్కడే ఉదాహరణలు మార్చి చూసుకునే ప్లేగ్రౌండ్ కూడా ఉంది. జావాస్క్రిప్ట్ మాడ్యూల్స్ (కోడ్‌ని వేరే ఫైళ్లుగా విడగొట్టడం), ఫెచ్ (వేరే చోటి నుంచి డేటా తెచ్చుకోవడం) దాకా వచ్చాక డబుల్ క్లిక్ చేసిన పేజీలో కోర్స్ (CORS) అనే ఎర్రర్ వస్తుంది, అప్పుడు మీ కోడ్ తప్పని గంటలు గంటలు వెతక్కండి. డిస్క్ నుంచి నేరుగా తెరిచిన పేజీకి బ్రౌజర్ ఆ పర్మిషన్ ఇవ్వదు, అంతే.

డేటాబేస్‌కి ఎస్‌క్యూలైట్ వాళ్ల సొంత సైట్‌లోనే ఫిడిల్ అనే పేజీ ఉంది, టేబుల్ క్రియేట్ చేసి క్వెరీలు కొట్టుకోవచ్చు. లినక్స్ కమాండ్లకి ఫాబ్రిస్ బెలార్డ్ 2011లో పెట్టిన జేఎస్‌లినక్స్, ఏం చెడగొట్టినా రిఫ్రెష్ చేస్తే కొత్త మెషీన్ వస్తుంది కాబట్టి డిలీట్ కమాండ్లు కూడా భయం లేకుండా నేర్చుకోవచ్చు.

ఎలక్ట్రానిక్స్‌కి టింకర్‌క్యాడ్ అనే సర్క్యూట్ సిమ్యులేటర్‌తో మొదలుపెట్టి, బోర్డు ప్రోగ్రామింగ్‌కి వచ్చాక వోక్వీ అనే బోర్డు సిమ్యులేటర్‌కి మారండి. వోల్టేజ్, కరెంట్ ఎటు పోతున్నాయో కళ్లతో చూడాలంటే ఫాల్‌స్టాడ్ సిమ్యులేటర్, అందులో వైర్లలో చుక్కలు పారుతుంటాయి. ఫాల్‌స్టాడ్‌లో 5 వోల్టులకి 220 ఓమ్‌ల రెసిస్టర్, ఎర్ర ఎల్ఈడీ పెట్టండి. ఎల్ఈడీ దగ్గర 2 వోల్టులు పోతే మిగిలిన 3ని 220తో భాగిస్తే సుమారు 13.6 మిల్లీయాంపులు, సిమ్యులేటర్ కూడా దాని దగ్గర్లోనే చూపిస్తుంది. తర్వాత టింకర్‌క్యాడ్‌లో రెసిస్టర్ తీసేసి చూడండి, ఎల్ఈడీ పేలినట్టు గుర్తు వస్తుంది. సిమ్యులేటర్‌లో వైర్ లూజ్ అవ్వదు, చవక అడాప్టర్ వోల్టేజ్ పడిపోదు, కాబట్టి నిజం బోర్డు దగ్గర మొదటిసారి పని చెయ్యకపోతే కోడ్ కంటే ముందు వైర్లు, పవర్ చూడండి. నిజం బోర్డుని బ్రౌజర్ నుంచే ప్రోగ్రామ్ చెయ్యాలంటే డెస్క్‌టాప్ క్రోమ్ గానీ ఎడ్జ్ గానీ వాడండి.

4 జీబీ ర్యామ్ సంగతి. క్రోమ్‌లో షిఫ్ట్ పట్టుకుని ఎస్కేప్ నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది, ఏ ట్యాబ్ ఎంత మెమరీ తింటోందో కనిపిస్తుంది. మీ కోడ్ ఆగని లూప్‌లో పడి ట్యాబ్ బిగుసుకుపోయినా అక్కణ్ణుంచే దాన్ని ఆపొచ్చు, బ్రౌజర్ మొత్తం మూయక్కర్లేదు. పైథాన్ నడిపేటప్పుడు వీడియో ట్యాబులు మూసేయండి, పాండాస్‌లోకి పెద్ద సీఎస్‌వీ తోయకండి, మొదటి కొన్ని వేల వరుసలు కట్ చేసుకుని దానిమీద కోడ్ సరిచూసుకోండి.

బ్రౌజర్ ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలిసి ఉండాలి. బ్రౌజర్ పైథాన్‌లో థ్రెడ్లు, మల్టీప్రాసెసింగ్, వేరే ప్రోగ్రామ్‌ని పిలవడం ఉండవు. టికింటర్‌తో విండోలు చెయ్యలేరు. వేరే సైట్ నుంచి డేటా లాగబోతే ఆ సైట్ ఒప్పుకోకపోతే బ్రౌజర్ అడ్డుపడుతుంది. ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లన్నిటి పేర్లు మార్చే స్క్రిప్ట్ లాంటిది రాయాలనిపించిన రోజు మీరు బ్రౌజర్ దాటే టైం వచ్చిందని అర్థం.

అప్పుడు కూడా అడ్మిన్ పాస్‌వర్డ్ లేదని ఆగిపోనక్కర్లేదు. విండోస్‌లో పైథాన్ అధికారిక ఇన్‌స్టాలర్‌ని మీ యూజర్ వరకే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు, ఆల్ యూజర్స్ అని గానీ అడ్మిన్ ప్రివిలేజెస్ అని గానీ ఉన్న టిక్కులు తీసేస్తే అడ్మిన్ పాస్‌వర్డ్ అడగదు. కోడ్ ఎడిటర్ వీఎస్ కోడ్‌లో కూడా యూజర్ ఇన్‌స్టాలర్ అని వేరేగా ఉంది, సిస్టమ్ ఇన్‌స్టాలర్ కాకుండా అది దించుకోండి. ల్యాప్‌టాప్ ఆఫీసుదైతే మాత్రం ముందు వాళ్లని అడిగి చెయ్యండి, పాలసీతో బ్లాక్ చేసి ఉంటే దాన్ని తప్పించుకునే దారులు వెతక్కండి, అప్పటిదాకా పైన చెప్పినవే నడిపించండి. మీది ఏ బ్రౌజర్, ఏ విండోస్ వెర్షనో, పైన చెప్పిన సేవ్ పరీక్షలో ఫైల్ ఉందో పోయిందో ఇక్కడ రాస్తే, ఫైళ్ల విషయంలో మీకు ఏ ఏర్పాటు కుదురుతుందో చెప్తాను.